బాల్కనీలో ఇద్దరు ముసలాళ్లు: మప్పెట్ షో అభిమానులు ఎందుకు పోట్లాడుకుంటారు?

(సభకు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని ఎక్కించిన పాఠం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వెనక నిలబడ్డవాళ్లు వచ్చి కూర్చోండి. వినపడుతోందా? ఆ చివరికి కూడా? సరే.

ఒక ప్రశ్న వేస్తాను. మప్పెట్ షోకి, అంటే బొమ్మలతో తీసిన ఆ టీవీ కామెడీకి, మొట్టమొదటి అభిమానులెవరు? పిల్లలంటున్నారు అక్కడెవరో. కాదు. ఇంగ్లండువాళ్లా? కాదు, కాదు. వాళ్లు తెర మీదే ఉన్నారు. స్టాట్లర్, వాల్డార్ఫ్. బాల్కనీ బాక్సులో కూర్చుని తిట్టే ఇద్దరు ముసలాళ్లు.

నవ్వుతున్నారు గానీ నేను సీరియస్‌గానే అంటున్నాను. ఆ ఇద్దరినీ ఒకసారి గమనించండి. వారం వారం అదే బాక్సు, అవే కుర్చీలు. ఐటెమ్ అయిపోగానే ఒకడు అందుకుంటాడు, రెండోవాడు దానికి తోక తగిలిస్తాడు, ఇద్దరూ కలిసి పగలబడి నవ్వుతారు. ఫాజీ ఎలుగుబంటి జోకు చెప్పడానికి వచ్చాడా, ఇక వాళ్లకి పండగే. టైటిల్ పాటలో కూడా వాళ్లకో ముక్క ఉంది. అసలు ఇక్కడికి ఎందుకొస్తామో మనకే తెలీదు, ఇది చూడటం ఒక రకం చిత్రహింస అని పాడతారు. మరెందుకొస్తారండీ? ఎవరు రమ్మన్నారు? ఐదు సీజన్లు, 120 ఎపిసోడ్లు. తిట్టడానికి ఇంత ఓపికా?

ఈ షో అభిమానులు నలుగురు ఒకచోట చేరితే ఆ సంభాషణ ఎలా ఉంటుందో మీలో కొందరికి తెలుసు. అరగంట విన్న కొత్తవాడెవడైనా, వీళ్లకి ఈ షో అంటే పరమ అసహ్యం అనుకుని వెళ్లిపోతాడు. మొదటి సీజన్లో మిస్ పిగ్గీ అనే పంది గొంతు నిలకడగా లేదంటారు. కర్మిట్ అనే కప్ప గొంతు పోయిందంటారు. 2015లో వచ్చింది అసలు మప్పెట్లే కాదంటారు. డీవీడీలు సగంలో ఆపేశారంటారు. అంతా అయ్యాక, వచ్చే వారం మళ్లీ ఎప్పుడు కూర్చుందామని అడుగుతారు. చూశారా? బాల్కనీ బాక్సే.

నేనివాళ చెప్పదలచుకున్నది ఈ పోట్లాటల గురించే. వాటిల్లో ఉత్తుత్తివి ఏవి, నిజమైనవి ఏవి అని.

కొత్తవాళ్లున్నారు కాబట్టి నాలుగు ముక్కల్లో వెనకటి కథ. తెలిసినవాళ్లు ఓపిక పట్టండి. జిమ్ హెన్సన్ అమెరికా మనిషి. 1955లో, ఇంకా కాలేజీలో ఉండగానే, వాషింగ్టన్‌లో ఒక టీవీ స్టేషన్‌కి చిన్న బొమ్మల కార్యక్రమం చేసేవాడు. వాళ్లమ్మ పడేసిన పాత కోటు గుడ్డ, సగానికి కోసిన పింగ్‌పాంగ్ బంతి. మొదటి కర్మిట్ అంతే. అప్పటికి వాడు కప్ప కూడా కాదు, ఏదో ఒక ఆకుపచ్చ జీవి. తర్వాత సెసమీ స్ట్రీట్ అనే పిల్లల టీవీ కార్యక్రమం వచ్చింది, పేరొచ్చింది, దాంతోపాటు ఒక ముద్ర కూడా పడింది, ఇది పిల్లల వ్యవహారమని. హెన్సన్‌కి ఆ ముద్ర నచ్చలేదు. పెద్దవాళ్లు రాత్రిపూట చూసే కామెడీ చెయ్యాలని ఆయన కోరిక. 1974లో ఒకటి, 1975లో ఒకటి, రెండు పైలట్లు, అంటే నమూనా ఎపిసోడ్లు, తీశాడు. రెండూ అమెరికాలో ఏబీసీ చానల్లో వచ్చాయి. సిరీస్ మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

ఇచ్చింది ఎవరయ్యా అంటే, లండన్‌లో ఏటీవీ అనే టీవీ సంస్థని నడిపే లూ గ్రేడ్. ఆయన కుర్రతనంలో చార్ల్‌స్టన్ డాన్సరు. స్టేజి ఎక్కినవాడు, స్టేజి వెనక చెమటలు ఎలా పడతాయో తెలిసినవాడు. అందుకే అర్థమైందని నా అనుమానం. ఎందుకంటే ఈ షో బొమ్మల గురించి కాదు, స్టేజి గురించి. లండన్‌కి ఉత్తరాన బోర్‌హమ్‌వుడ్‌లో ఎల్‌స్ట్రీ స్టూడియో, అక్కడ తీశారు మొత్తం. 1976లో మొదలై 1981లో ముగిసింది. అమెరికాలో నెట్‌వర్క్ కాదన్నదాన్ని స్టేషన్లకి విడివిడిగా అమ్మారు. వందకు పైగా దేశాల్లో వచ్చింది. అమెరికాకంటే బ్రిటన్‌లో ప్రకటనలు తక్కువ కాబట్టి అక్కడి ఎపిసోడు రెండు నిమిషాల పైచిలుకు ఎక్కువుండేది, ఆ ఖాళీ నింపడానికి ఒక అదనపు ఐటెమ్ తీసేవారు. ఆ అదనపు ఐటెమ్ మీద అభిమానులు ఎంత పరిశోధన చేశారో మీరు నమ్మరు. ఏది ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు... వద్దులెండి, అందులోకి దిగితే బయటికి రాలేం.

ఇప్పుడు అసలు సంగతి. ఈ షోలో ఏం జరుగుతుంది? ఒక పాత థియేటర్. కర్మిట్ దాని మేనేజరు. ప్రతి వారం ఒక పెద్ద స్టార్ అతిథిగా వస్తారు. ప్రతి వారం ఏదో ఒకటి తగలబడిపోతుంది. ఫాజీ జోకు పేలదు. గాంజో ఫీట్ ఫెయిలవుతుంది. స్వీడిష్ షెఫ్ వంట పూర్తి కాదు. శాస్త్రవేత్త బన్సెన్ కొత్తది కనిపెడతాడు, అతని సహాయకుడు బీకర్ దాని పాలబడతాడు. అంటే, చూడండి, ఈ షోలో సరిగ్గా జరిగే పని ఒక్కటీ లేదు! తెరపైకి వెళ్లేది సగం, తెర వెనక గందరగోళం సగం. మధ్యలో ఆ కప్ప చేతులు గాలిలో ఆడిస్తూ పరిగెత్తుతుంటాడు.

మరి ఇన్ని ఫెయిల్యూర్లు చూసి మనకి జాలి ఎందుకు వెయ్యదు? విసుగెందుకు రాదు? ఎందుకంటే వాళ్లెవరూ మానరు. వచ్చే వారం ఫాజీ మళ్లీ జోకులు రాసుకొస్తాడు. పైనుంచి ఇద్దరు మళ్లీ తిడతారు. కర్మిట్ మళ్లీ తెర ఎత్తుతాడు. ఒక్కడిని కూడా ఉద్యోగంలోంచి తీసెయ్యడు. ఫాజీని ఎవరైనా తీసేస్తారా అండీ? ఏ లెక్కన చూసినా తీసెయ్యాలి. తీసెయ్యడు. ఇది మనసులో పెట్టుకోండి, 2015 దగ్గరికొచ్చాక పనికొస్తుంది.

ఇక చేతుల సంగతి. అభిమానుల పోట్లాటల్లో నూటికి యాభై ఇక్కడ పుట్టినవే కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను.

మన తోలుబొమ్మలాటలో తెర ఉంటుంది, ఆడించేవాళ్లు దాని వెనక. పాశ్చాత్యుల చేతిబొమ్మలాటలో చిన్న పెట్టెలాంటి స్టేజి ఉంటుంది, దాని కింద దాక్కుంటారు. హెన్సన్ ఏం చేశాడంటే, ఆ పెట్టె తీసేశాడు. టీవీ ఫ్రేమే పెట్టె. ఫ్రేముకి కింద మనిషి ఎక్కడైనా ఉండొచ్చు. సెట్టు మొత్తం నేలకి ఎత్తుగా కట్టేవారు. ఆడించేవాడు చెయ్యి పైకెత్తి నిలబడి, కళ్లు మాత్రం మానిటర్ మీద పెట్టేవాడు. అర్థమైందా? బొమ్మని చూడడు, తను చేస్తున్నది తెర మీద ఎలా కనిపిస్తోందో చూస్తాడు. అంటే మనం చూసేదే అతనూ చూస్తున్నాడు. అద్దంలా తిరగేసి కూడా ఉండదు ఆ మానిటర్. కుడికి జరిపితే తెర మీద ఎడమకి పోతుంది. కొత్తగా చేరినవాళ్లకి బుర్ర తిరిగిపోయేది.

కుడిచెయ్యి తలలో, ఎడమచెయ్యి బొమ్మ చేతుల కడ్డీల మీద. అందుకే మప్పెట్లలో ఎక్కువమంది ఎడంచేతివాటం. మీరెప్పుడైనా గమనించారా? లేదా? ఇవాళ్టినుంచి గమనిస్తారు, ఇక మానలేరు.

స్వీడిష్ షెఫ్ ఇంకా తమాషా. తలా గొంతూ హెన్సన్‌వి. చేతులు మాత్రం తోటి బొమ్మలాటగాడు ఫ్రాంక్ ఓజ్‌వి, గ్లోవు కూడా లేదు, అచ్చమైన మనిషి చేతులు. ఒక మనిషి నోరు, ఇంకో మనిషి చేతులు. చేతులు ఏం చెయ్యబోతున్నాయో నోటికి తెలీదు. చేతులు గిన్నె విసిరేస్తే నోరు దానికి సంజాయిషీ చెప్పుకోవాలి. రాసిన కామెడీ కాదండీ అది, ఇద్దరు స్నేహితులు ఒకణ్ణొకడు ఇరికించుకోవడం.

కర్మిట్ ముఖం గురించి మాత్రం ఒక్క నిమిషం కావాలి నాకు. వాడి కళ్లు కదలవు. రెప్పలు లేవు. కనుబొమలు లేవు. మరి ఆ ముఖంలో అన్ని భావాలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? వాడి తల మెత్తటి పల్చని గుడ్డ, లోపల చెయ్యే ఎముక. వేళ్లు ముడిస్తే నోరంతా లోపలికి నొక్కుకుపోతుంది, అది కోపం దిగమింగుకున్న ముఖం. బొటనవేలు కొంచెం పక్కకి జరిపితే పెదవి వంకరపోతుంది, అది ఇరకాటంలో పడ్డ ముఖం. ఒక ఐటెమ్ చెడిపోయాక కర్మిట్ ప్రేక్షకుల వైపు తిరిగి ఏమీ అనకుండా ముఖం ముడుస్తాడు చూడండి, అక్కడ ఆపి చూడండి. మీరు చూస్తున్నది గుడ్డ కింద ఒక మనిషి పిడికిలి. అంతే. దానికి మనం నవ్వుతున్నాం. డాన్ సాలిన్ అనే బొమ్మల శిల్పి కంటిపాపల్ని కొంచెం ముక్కువైపుకి అతికించేవాడు, బొమ్మ ఎక్కడో శూన్యంలోకి కాకుండా మనవైపే చూస్తున్నట్టుండేందుకు. కానీ ఆ ఏర్పాటంతా చేశాక కూడా, వేళ్లు ఆడితేనే ప్రాణం.

కాబట్టి ఇప్పుడు చెప్పండి. వేళ్లు మారితే?

1990 మే 16న హెన్సన్ చనిపోయాడు. న్యూయార్క్‌లో. 53 ఏళ్లు. జబ్బు ముదిరిన నాలుగు రోజుల్లోనే అయిపోయింది, ఎవరూ ఊహించలేదు. ఆ ఏడాది నవంబర్లో సీబీఎస్ చానల్లో ఒక నివాళి కార్యక్రమం వచ్చింది. ఇక్కడ ఎంతమంది చూశారు? చూడనివాళ్లు తప్పకుండా చూడండి. దాని కథ ఏమిటంటే, హెన్సన్ అనే ఆయనకి నివాళిగా ఒక షో చెయ్యమని కర్మిట్ దగ్గర్నుంచి మప్పెట్లకి పని వస్తుంది. సమస్యేమిటంటే వాళ్లకి ఆయనెవరో తెలీదు! ఎలా తెలుస్తుంది? ఆయన ఎప్పుడూ ఫ్రేము కిందే కదా ఉన్నాడు. నవ్వుతాం మొదట. ఆ తెలియకపోవడం మీద బోలెడు జోకులు. తర్వాత ఫాజీకి పిల్లలు రాసిన ఉత్తరాల కట్ట దొరుకుతుంది. చదవడం మొదలుపెడతాడు. అందులో, ఆయన చనిపోయాడని ఉంటుంది. ఇంతసేపూ ఎవరో పరాయి మనిషి అనుకున్నవాళ్లు...

ఫాజీని ఆడిస్తున్నది ఫ్రాంక్ ఓజ్. హెన్సన్‌కి పాతికేళ్లకు పైగా పక్కన నిలబడ్డ మనిషి. అది గుర్తుంచుకుని చూడండి ఆ సీను.

కర్మిట్ ఆ కార్యక్రమంలో చివర్లో మాత్రమే వస్తాడు. వస్తాడు, నాలుగు మాటలు మాట్లాడతాడు. లోపల స్టీవ్ విట్‌మైర్ చెయ్యి. అప్పటికి అభిమానులందరి గుండెలూ ఆ నాలుగు మాటల కోసం బిగబట్టుకుని ఉన్నాయి. గొంతు అదేనా? అదే కాదు. కొంచెం సన్నం. పక్కవాడి కోటు తొడుక్కున్నట్టు ఉంది. ఉంటుంది మరి. విట్‌మైర్ 1978లో, ఇరవై ఏళ్లు కూడా నిండకుండా మూడో సీజన్లో చేరిన కుర్రాడు, ఎలుక రిజో అతనిదే. ఇంకో విచిత్రం, హెన్సన్ పుట్టినరోజు సెప్టెంబర్ 24, విట్‌మైర్ పుట్టినరోజూ సెప్టెంబర్ 24. అభిమానులకి ఇలాంటివి దొరికితే వదులుతారా? పాతికేళ్లు దాన్ని విధి అని చెప్పుకున్నారు.

ఆ పాతికేళ్ల తర్వాత, 2017 జూలైలో కబురొచ్చింది. ఇక కర్మిట్ విట్‌మైర్ కాదు, మ్యాట్ వోగెల్ అని. తను ఇష్టపడి మానలేదని విట్‌మైర్ చెప్పాడు. అప్పటికి మప్పెట్లు డిస్నీ చేతికి వెళ్లి పదమూడేళ్లు. సంస్థ మాట సంస్థ చెప్పింది, హెన్సన్ పిల్లలూ మాట్లాడారు. ఎవరిది న్యాయం అన్నది నేనిక్కడ తేల్చను, నాకా గది లోపలి సంగతులు తెలీవు, మీకూ తెలీవు. నేను చెప్పేది అభిమానుల మాట. రెండుగా చీలిపోయారు. స్నేహాలు చెడ్డాయి, నిజంగా చెడ్డాయి. ఒక వర్గం అంది, కర్మిట్ ఒక పాత్ర, నటుడు మారతాడు, పాత్ర నిలవాలి. ఇంకో వర్గం అంది, పాత్ర అంటూ విడిగా ఏముంది, చేతిలోంచి చేతిలోకి అందించేది తప్ప?

నా అభిప్రాయం అడుగుతారా? అడక్కపోయినా చెప్తాను. రెండో వర్గం చెప్పింది నిజం, మొదటి వర్గం చెప్పింది అవసరం. చెయ్యి మారితే బొమ్మ మారుతుంది, మారకుండా ఉండదు. కానీ మనం అసలైనది అంటూ గుండెకి హత్తుకున్నదాంట్లో కూడా చేతులు ఎన్ని మారాయో చూడండి. మిస్ పిగ్గీ తీసుకోండి. మొదటి సీజన్లో ఆవిడని ఒకసారి ఫ్రాంక్ ఓజ్, ఒకసారి రిచర్డ్ హంట్ ఆడించేవారు. ఆవిడ అప్పటికి స్టార్ కాదు, పాటల గుంపులో ఒక పంది. ఒక రిహార్సల్లో చెంపదెబ్బ కొట్టాలని రాసి ఉంటే, ఓజ్ చెంపదెబ్బ బదులు కరాటే దెబ్బ కొట్టాడు. గది మొత్తం నవ్వింది. ఆ క్షణంలో పుట్టింది పిగ్గీ. రాతలో లేదు, బొమ్మలో లేదు, చేతిలో పుట్టింది. ఆ తర్వాత ఆవిడని మళ్లీ పాటల గుంపులోకి పంపడం ఎవరి తరం?

గాంజో అంతే. వాడి బొమ్మ అంతకుముందు 1970లో ఒక క్రిస్మస్ కార్యక్రమానికి చేసిన చిన్న రాక్షసుడు. వాలిపోయిన కళ్లు, ఏడుపు ముఖం. ఆడించడానికొచ్చిన డేవ్ గోల్జ్ అసలు ఇండస్ట్రియల్ డిజైనరు, నటన కొత్త, బిడియం ఎక్కువ. మొదటి సీజన్ చూడండి, గాంజో ఎప్పుడూ దిగులుగా ఉంటాడు. ఆ దిగులు గోల్జ్‌ది కూడా. రెండో సీజన్‌కి కనురెప్పలు తెరుచుకునే కొత్త బొమ్మ చేసుకున్నాడు. కళ్లు విప్పారాయి, వాడికి హుషారొచ్చింది, మనిషికీ ధైర్యమొచ్చింది. ఐదు సీజన్లు వరసగా చూస్తే ఒక మనిషి బిడియం వదిలించుకోవడం కనిపిస్తుంది మీకు. ఇది కదా అభిమానులు మాట్లాడుకోవాల్సింది! గాంజో ఏ జాతి జంతువు అని కొట్టుకుంటారు. 1999 సినిమాలో గ్రహాంతరవాసి అని తేల్చేశారు, సగంమంది అభిమానులు ఇప్పటికీ దాన్ని లెక్కలోకి తీసుకోరు. నేనూ తీసుకోను. వాడేమిటో తెలియకపోవడమే వాడి అందం. కర్మిట్‌కీ పిగ్గీకీ పెళ్లయిందా లేదా అన్నది ఇంకొకటి. 1984 సినిమాలో పెళ్లి సీను ఉంది. ఆవిడేమో అయిందంటుంది, వాడేమో నటన అంటాడు. అది మొగుడూ పెళ్లాల వ్యవహారం, మధ్యలో మనమెందుకు?

ఇవి ఉత్తుత్తి పోట్లాటలు. హాయిగా పోట్లాడుకోండి.

డీవీడీల గొడవ మాత్రం ఉత్తుత్తిది కాదు. మొదటి సీజన్ 2005లో వచ్చింది, రెండోది 2007లో, మూడోది 2008లో. నాలుగోదీ ఐదోదీ రానే లేదు. పాటల హక్కులు ఒక పెద్ద తలనొప్పి. ప్రతి ఎపిసోడులో మూడు నాలుగు పాటలు, ఒక్కోదానికీ ఒక్కో యజమాని. పాత టేపుల కాపీలు చేతులు మారుతూ తిరిగాయి అన్నాళ్లూ. చివరికి 2021 ఫిబ్రవరిలో డిస్నీ ప్లస్‌లో ఐదు సీజన్లూ పెట్టారు. అభిమానులేమన్నారు? ధన్యవాదాలన్నారా? ఒకపూట అన్నారు. సాయంత్రానికల్లా ఏ ఎపిసోడు లేదు, ఏ పాట కోశారు అని జాబితాలు తయారు. కొన్ని ఎపిసోడ్ల ముందు, ఇందులో కొన్ని జాతుల్ని చూపించిన తీరు తప్పు అని హెచ్చరిక పెట్టారు, దాని మీద ఇంకో యుద్ధం. హెచ్చరిక పెట్టి పూర్తిగా చూపించడం, కోసి పారెయ్యడంకంటే వెయ్యి రెట్లు నయమని నా ఉద్దేశం. పాటలు కొయ్యడం గురించైతే నేనూ బాల్కనీలోనే ఉన్నాను.

సరే, 2015. అడుగుతారని తెలుసు, ఆయన చెయ్యి అప్పట్నుంచీ పైకే ఉంది.

2015 సెప్టెంబర్లో ఏబీసీలో కొత్త సిరీస్. పేరు ద మప్పెట్స్. డాక్యుమెంటరీ కెమెరా వెంటపడుతున్నట్టు తీసే ఆఫీసు కామెడీ పద్ధతి. పిగ్గీ రాత్రిపూట టాక్ షో హోస్టు, కర్మిట్ దాని ప్రొడ్యూసరు. ఇద్దరూ విడిపోయారని ముందే పత్రికలకి చెప్పి హడావిడి చేశారు. కర్మిట్‌కి డెనీజ్ అని కొత్త స్నేహితురాలు, ఆవిడా పందే. కాగితం మీద చూస్తే ఇందులో తప్పేముంది? ఏమీ లేదు. తెర వెనక గందరగోళం మప్పెట్ల పుట్టుకలోనే ఉంది. బొమ్మలు బాగున్నాయి. ఆడించిన చేతులూ దొడ్డ చేతులే, ఎరిక్ జేకబ్‌సన్ పిగ్గీ చూడండి, ఓజ్ తర్వాత ఆవిడని అంత బాగా నిలబెట్టడం సామాన్యం కాదు. అయినా అభిమానులకి తొలి ఎపిసోడులోనే ఎక్కడో గుచ్చుకుంది. ఎక్కడ?

కర్మిట్ అలిసిపోయి ఉన్నాడు. అలవటం కొత్త కాదు, పాత షోలోనూ అలిసేవాడు. కానీ ఇక్కడ కెమెరా ముందు ఒంటరిగా కూర్చుని తనవాళ్ల గురించి పెదవి విరుస్తున్నాడు. పాత కర్మిట్ ఫాజీ మీద ఎదురుగా అరిచేవాడు, ఆ మరుక్షణం వాణ్ణి స్టేజి మీదికి పంపేవాడు. అరవడానికీ వెనకాల పెదవి విరవడానికీ తేడా లేదా? అభిమానులు పట్టుకున్నది అది. చాలామంది విమర్శకులు, పెద్దల జోకులు ఎక్కువయ్యాయి, పిల్లలతో చూడలేం అన్నారు. నేనది ఒప్పుకోను. 1975 పైలట్ పేరులోనే సెక్సూ హింసా రెండూ ఉన్నాయండీ! పెద్దల జోకులు ఎప్పుడూ ఉన్నాయి. లేనిదల్లా ఒకరంటే ఒకరికి ఇష్టం. మధ్యలో షో నడిపే మనిషిని మార్చారు, రెండో సగం కాస్త వెచ్చబడింది కూడా. అప్పటికి జనం వెళ్లిపోయారు. 16 ఎపిసోడ్లతో 2016 మార్చిలో ఆఖరు.

గుడ్డ మారితే అభిమాని పట్టించుకోడు. బొమ్మలు అరిగిపోతాయి, కొత్తవి కుడతారు. చెయ్యి మారితే ఏడుస్తాడు, పోట్లాడతాడు, మెల్లగా సర్దుకుంటాడు. కానీ ఆ గుంపు ఒకరినొకరు భరించే తీరు మారిందనుకోండి, ముసలాళ్లిద్దరూ బాక్సులోంచి లేచి వెళ్లిపోతారు. 2015లో నేను చూసింది అదే. అంతకుముందు ఎన్ని తిట్టినా లేవనివాళ్లు, అప్పుడు తిట్టకుండా లేచారు.

ఆ ముసలాళ్ల గురించి ఒక మాట చెప్పి తీరాలి. వాల్డార్ఫ్ హెన్సన్. అంటే తన షోని తనే పైనుంచి తిట్టుకునేవాడు, వారం వారం. పక్కన స్టాట్లర్, రిచర్డ్ హంట్. షో మొదలైనప్పుడు హంట్ వయసెంతో తెలుసా? పాతికేళ్లు! ఆ గొణుగుడు, ఆ కీళ్లనొప్పుల గొంతు, పాతికేళ్ల కుర్రాడిది. నలభై ఏళ్ల హెన్సన్, పాతికేళ్ల హంట్, ఒక ఇరుకు పెట్టెలో పక్కపక్కన చేతులెత్తి నిలబడి ముసలాళ్లలా నవ్వుకున్నారు. హంట్ కూడా ఎక్కువకాలం లేడు, 1992 జనవరిలో పోయాడు.

టైమెంతయింది? పది నిమిషాలుందా? అయితే చివరగా, ఇప్పటిదాకా ఒక్క ఎపిసోడూ చూడనివాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పి ముగిస్తాను.

మొదటి సీజన్ మొదటి ఎపిసోడుతో మాత్రం మొదలుపెట్టకండి. పాత అభిమానులు అలాగే చెప్తారు, వరసలో చూడమని. వాళ్ల మాట వినకండి. మొదటి సీజన్లో షో ఇంకా తన కాళ్లు తను వెతుక్కుంటోంది. పెద్ద స్టార్లు బొమ్మల పక్కన నిలబడటానికి సందేహించే రోజులవి. రెండో సీజన్లో బాలే డాన్సర్ రుడాల్ఫ్ నురేయెవ్ వచ్చాడు. అంతటివాడు ఒక నిలువెత్తు పందితో బాలే చేశాడు, పిగ్గీ ఆవిరిస్నానం గదిలో వెంటపడుతుంటే తువాలు పట్టుకుని తప్పించుకున్నాడు. అక్కణ్ణుంచి సందేహాలన్నీ పోయాయి, నేనంటే నేనని వచ్చారు. మీరు అక్కడ మొదలుపెట్టండి.

తర్వాత వెనక్కి వెళ్లి, మొదటి సీజన్లో నటి రీటా మొరేనో ఎపిసోడు ఒక్కటి. ఆవిడకి దానికి ఎమ్మీ అవార్డు వచ్చింది. ఆవిడ నింపాదిగా, మత్తుగా ఒక పాట పాడుతుంటుంది. వెనక డ్రమ్ముల దగ్గర యానిమల్ అనే మప్పెట్. మధ్యమధ్యలో ఉన్నట్టుండి ఒక్కటిస్తాడు, ఢామ్మని. ఆవిడ పాట ఆపదు, ఓరగా చూస్తుంది. మళ్లీ కొడతాడు. ఆవిడ దగ్గరికొచ్చి స్పానిష్‌లో చీవాట్లు పెట్టి వెళ్లి మళ్లీ అంతే మత్తుగా అందుకుంటుంది. చివర్లో డ్రమ్ముల దగ్గరి రెండు సింబల్ పళ్లేలు తీసుకుని వాడి తల మధ్యలో పెట్టి ఒక్క చరుపు. యానిమల్ ఊగిపోతూ, ఇలాంటి ఆడదే నాకు కావాలి అంటాడు. ఇందులో ఆవిడ ముఖం చూడండి. ఎదురుగా ఉన్నది గుడ్డ అని ఒక్క క్షణం కూడా ఆవిడకి గుర్తున్నట్టు ఉండదు. అతిథి నమ్మిందా లేదా అన్నదే ఈ షోలో అసలు పరీక్ష. నమ్మనివాళ్లు ఆడించేవాడి తలవైపు, కిందికి చూస్తారు. కనిపెట్టేస్తారు మీరే.

ఐదో సీజన్లో బడ్డీ రిచ్ ఎపిసోడు మరిచిపోకండి. ప్రపంచంలోనే పేరుమోసిన డ్రమ్మరు, ఎదురుగా యానిమల్, ఇద్దరికీ పోటీ. యానిమల్ చేతులు ఓజ్‌వి, కానీ ఆ మోత ఎవరిది? రానీ వెరెల్ అనే ఇంగ్లిష్ డ్రమ్మరుది, కెమెరాకి కనపడకుండా పక్కన కూర్చుని వాయించాడు. ఐదేళ్లూ యానిమల్ చప్పుడు ఆయనదే. ఓజ్ ఆ మోతకి చేతులు కలపాలి, ఆయన ఓజ్ పిచ్చికి మోత కలపాలి, ఎదురుగా బడ్డీ రిచ్ ఒక బొమ్మకి ఓడిపోకూడదని చెమటలు కక్కాలి. కళ్లు మూసుకుని ఒకసారి, తెరిచి ఒకసారి చూడండి.

ఇక మీ ప్రశ్నలు. ఆ చెయ్యెత్తినాయన ముందు. మైకు అటివ్వండి. గాంజో జాతి గురించైతే మాత్రం బయట మాట్లాడుకుందాం.